పిడి లేని తలుపు

డెన్మార్క్ చిత్రకారుడు విల్హెల్మ్ హామర్స్‌హోయ్ తన భార్య ఈడాను చాలా బొమ్మల్లో వెనక నుంచే చూపించాడు. నల్లని గౌను, పైకెత్తి ముడివేసిన జుట్టు, ఆ ముడికీ గౌనుకీ మధ్య కాస్తంత తెల్లని మెడ. ఆవిడ బల్ల దగ్గర నిలబడి ఉంటుంది, లేదా కుర్చీలో కూర్చుని ఉంటుంది. చేతిలో ఏముందో ఒక్కోసారి తెలుస్తుంది, ఒక్కోసారి తెలియదు. గోడలు బూడిదరంగు, తలుపులు తెలుపు. గదిలో ఒక బల్ల, ఒకటి రెండు కుర్చీలు, ఒక పింగాణీ గిన్నె తప్ప పెద్దగా సామాను కనిపించదు. కొన్ని బొమ్మల్లో ఆ మనిషి కూడా ఉండదు. కిటికీలోంచి వచ్చిన ఎండ నేల మీద పడి ఉంటుంది, అంతే.

ఈ వీపు గురించి చాలామంది రాశారు. ముఖం దాచి ఆమెను ఒక రహస్యంగా మార్చాడని కొందరన్నారు. భార్యను కూడా బల్లా కుర్చీలతో పాటు ఒక వస్తువుగానే చూశాడని కొందరన్నారు. నేను ముప్పై ఏళ్లకు పైగా జిల్లా పరిషత్తు బడుల్లో డ్రాయింగు మాస్టారుగా పనిచేసినవాణ్ణి. మరోప్పుడైతే అలాంటి మాటలు చదివి, నిజమే కాబోలు అనుకుని పేజీ తిప్పేవాణ్ణి. కానీ ఆ బొమ్మలు నా కంటపడే నాటికి మా ఇంట్లో వీపు అనేదానికి అర్థం మారిపోయింది.

మా ఆవిడకు వినికిడి పోయింది. ఒక్క రోజులో కాదు, ఏడెనిమిదేళ్లు పట్టింది. చెవి నరం దెబ్బతిన్నదని, దానికి మందు లేదని డాక్టర్లు చెప్పారు. మొదట సన్నని శబ్దాలు పోయాయి: పిచ్చుకల అరుపు, పక్క గదిలో ఫోను, మనవరాలి మాటలు. నా గొంతు కాస్త బొంగురు కాబట్టి నేను ఇంకొన్నాళ్లు మిగిలాను. తర్వాత నేనూ పోయాను. చెవికి మిషను పెట్టించాం. అది ప్రతి శబ్దాన్నీ పెద్దది చేస్తుంది గానీ మాటను విడదీసి ఇవ్వదు. గిన్నె కింద పెడితే పిడుగు పడినట్టు ఉంటుందట. మనిషి మాట్లాడితే మాత్రం గోడ అవతల ఎవరో గొణుగుతున్నట్టు ఉంటుందట. నాలుగు నెలలు ఓర్చుకుని, దాన్ని డబ్బాలో పెట్టి బీరువాలో దాచేసింది.

ఇప్పుడు పెదవులు చూసి మాట పట్టుకుంటుంది. అందులో ఆవిడకు మంచి నేర్పు వచ్చింది. అయినా పెదవులు చెప్పగలిగినంతే చెబుతాయి. ప, బ, మ మూడింటికీ పెదవులు ఒకేలా కలుస్తాయి. నేను ‘మబ్బు పట్టింది’ అంటే ఆవిడ వెళ్లి పప్పు గిన్నె చూసి వస్తుంది. దీనికి ఇద్దరం నవ్వుకున్న రోజులున్నాయి, నవ్వు రాని రోజులూ ఉన్నాయి.

ఎదురెదురుగా ఉన్నంతసేపు ఫరవాలేదు. ఆవిడ అటు తిరిగిందంటే మాత్రం మా మధ్య మాట లేదు. వెనక నుంచి భుజం మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడుతుంది. అందుకని వంటింటి గుమ్మం పక్కనున్న స్విచ్చిని పిలుపుగా పెట్టుకున్నాం. లైటు రెండుసార్లు వెలిగి ఆరితే నేను పిలుస్తున్నానని అర్థం. పట్టపగలు కూడా లైటు వేసే ఇల్లు మాది. కరెంటు పోతే నేను చుట్టూ తిరిగి పెరటి గుమ్మంలోంచి వెళ్లి ఆవిడకు ఎదురుపడాలి. రాత్రిపూట కరెంటు లేకపోతే అదీ కుదరదు. చీకట్లో పెదవులు కనపడవు గనక, ఆవిడ అరచేతిలో వేలితో అక్షరాలు రాస్తాను. ఒత్తులు రాస్తే కలిసిపోతాయి. అందుకని ఒత్తుల్లేని మాటలు వెతుక్కుంటాను.

కాబట్టి ఈడా వీపు చూసినప్పుడు నాకు రహస్యమూ తట్టలేదు, వస్తువూ తట్టలేదు. ఈయన ఈవిణ్ణి పిలిచాడా, పిలవలేదా అన్నదే తట్టింది.

మా అబ్బాయి ఉద్యోగం కోపెన్‌హాగెన్‌లో. ఒక ఏడు సెప్టెంబరు నుంచి నవంబరు చివరి దాకా మేమిద్దరం అక్కడున్నాం. వెళ్లేనాటికి పొద్దు ఏడున్నర దాకా ఉండేది. తిరిగొచ్చే వారంలో నాలుగు కొట్టకముందే దీపాలు పెట్టేవాళ్లు. అంత తక్కువ వెలుతురున్న ఊళ్లో వెలుతురును ఎంత పొదుపుగా చూసుకుంటారో అప్పుడు తెలిసింది. మనకు ఎండ దండగ సరుకు. పరదాలు కట్టి, తడికలు పెట్టి బయటికి తోసేస్తాం. అక్కడ శీతాకాలంలో ఒక గంట ఎండ వస్తే కిటికీ దగ్గరికి కుర్చీ జరుపుకుంటారు. హామర్స్‌హోయ్ బొమ్మల్లో ఎండ అతిథిలా వచ్చి కూర్చుంటుంది. ఆయన ఊరు అది. 1864లో అక్కడే పుట్టాడు, 1916లో అక్కడే గొంతు క్యాన్సరుతో పోయాడు, 51 ఏళ్ల వయసులో.

ఆ ఊళ్లో ఆయన బొమ్మలు చాలాచోట్ల ఉన్నాయి. డేవిడ్ సంగ్రహాలయానికి వెళ్లాం, అక్కడ టిక్కెట్టు లేదు. హిర్ష్‌స్ప్రుంగ్ సంగ్రహాలయానికి వెళ్లాం. ఊరికి ఉత్తరంగా చెట్ల మధ్య ఓర్డ్రుప్‌గోర్డ్ అని ఇంకొకటి ఉంది, అక్కడికి రెండుసార్లు వెళ్లాం. రెండోసారి వెళ్దామన్నది మా ఆవిడే. కారణం నాకు అక్కడే తెలిసింది. బొమ్మల గదిలో ఎవరూ మాట్లాడరు. మాట్లాడినా చెవిలో గుసగుసలాడతారు, లేదా వేలితో చూపిస్తారు, తల ఊపుతారు, కనుబొమ్మలెగరేస్తారు. పెళ్లిళ్లలో, పేరంటాల్లో, చివరికి సొంత కొడుకు ఇంట్లో భోజనాల బల్ల దగ్గర కూడా నలుగురి నోళ్ల వైపు మార్చి మార్చి చూస్తూ అలసిపోయే మనిషి, అక్కడ అందరితో సమానంగా నిలబడింది. ఇంకా మాట్లాడితే, చూడటంలో వాళ్లకన్నా రెండాకులు ఎక్కువే చదివింది.

ఓర్డ్రుప్‌గోర్డ్‌లో ఒక బొమ్మ ఉంది. 1900లో వేసింది. ఎండ కిరణాల్లో దుమ్ము కణాలు ఆడుతున్నాయని దాని పేరు. ఖాళీ గది. ఒక కిటికీ, పక్కనే ఒక తలుపు. కిటికీ అద్దాల గుండా ఎండ ఏటవాలుగా దిగి, నేల మీద కిటికీ చట్రాన్ని మళ్లీ గీసింది. ఆ ఏటవాలు ఎండలో దుమ్ము తేలుతోంది. అంతకుమించి బొమ్మలో ఏమీ లేదు. డ్రాయింగు మాస్టారుగా నేను ఆ ఎండ దగ్గరే ఆగిపోయాను. దుమ్మును రేణువు రేణువుగా ఆయన వెయ్యలేదు. గాలిని కాస్త చిక్కగా చేశాడు, అంతే. గోడ రంగులోనే ఒక పిసరు వెచ్చదనం కలిపి, కుంచెను చిన్న చిన్న అద్దకాలుగా ఆనించుకుంటూ పోయాడు. దగ్గరికి వెళ్తే అది రంగు. నాలుగడుగులు వెనక్కి వేస్తే గది లోపలి గాలి.

మా ఆవిడ నా మోచెయ్యి పట్టి లాగింది. తనకు తన గొంతు వినపడదు గనక కాస్త గట్టిగానే అడిగింది: “ఏవండీ, తలుపుకి పిడి లేదేంటి?”

చూశాను. నిజంగానే లేదు. తలుపుంది, చట్రముంది, పలకల గీతలన్నీ లెక్కగా ఉన్నాయి. పట్టుకుని తెరవడానికి మాత్రం ఏమీ లేదు. అంతసేపు చూసిన నాకు అది కనపడలేదు. రోజుకు నలభైసార్లు తలుపులు తీసి వేసే మనిషికి మొదటి చూపులోనే కనపడింది. కావలా కూర్చున్న అమ్మాయి మా వైపు చూసి నవ్వింది గానీ ఏమీ అనలేదు.

పిడి లేని తలుపు సంగతి ఆ బొమ్మ మీద రాసినవాళ్లకూ తెలుసు. ఆయన ఇతర బొమ్మల్లోనూ ఇలాంటివి పట్టుకున్నారు. బల్లకు ఉండాల్సిన కాలు ఉండదు, నీడలు ఒకే దీపానికి రెండు దిక్కులుగా పడతాయి. దాన్ని బట్టి ఆ ఇల్లు ఒక చెరసాల అని, అందులోంచి బయటికి దారి లేదని కొందరు రాశారు. ఈ మాట మా ఆవిడకు చీటీ మీద రాసి చూపించాను. చదివి పెదవి విరిచింది. “తలుపులకి రంగు వేసేటప్పుడు పిడి ఊడదియ్యరూ? మళ్లీ బిగించడం మర్చిపోయుంటారు” అంది.

నిజానికి ఆ మాట అంత తీసిపారేయాల్సింది కాదు. ఆ ఇంటికి రంగులు ఎంచుకున్నది ఆయనే. 1898లో భార్యాభర్తలిద్దరూ క్రిస్టియన్స్‌హావ్న్ అనే పేటలో స్ట్రాండ్‌గేడ్ 30 అనే పాత ఇంట్లోకి అద్దెకు దిగారు. 17వ శతాబ్దపు ఇల్లు. తలుపులు, చట్రాలు తెల్లగానూ గోడలు బూడిదరంగులోనూ వేయించి, సామాను తగ్గించి పెట్టుకున్నారు. 1909 దాకా పదకొండేళ్లు అక్కడే ఉన్నారు. ఆ పదకొండేళ్లలో ఆ ఒక్క ఇంటి గదులనే 60కి పైగా బొమ్మలుగా వేశాడు. అదే కిటికీ, అదే తలుపు, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, మనిషితో ఒకసారి, మనిషి లేకుండా ఒకసారి. దుమ్ము ఆడే ఆ మూలనే మళ్లీ మళ్లీ వేశాడు. 1906లో వేసిన ఒకటి లండన్‌లోని టేట్ సంగ్రహాలయంలో ఉంది. ప్రపంచం తిరగనివాడు కాదు. పారిస్, లండన్, ఇటలీ చూశాడు. పెళ్లయిన కొత్తలో ఇద్దరూ నెలల తరబడి పారిస్‌లో ఉన్నారు. అన్నీ చూసి వచ్చి ఈ గోడ ముందు నిలబడ్డాడు.

పత్రికలవాళ్లు అడిగితే ఆయన చెప్పిన జవాబులు చాలా పొట్టివి. ఏ దృశ్యాన్నయినా తాను ఎంచుకునేది మొదట దాని గీతలు చూసి అన్నాడు, తర్వాత వెలుతురు చూసి అన్నాడు. రంగులు ఎంత తక్కువైతే బొమ్మకు అంత మంచిదన్నాడు. మనుషులు లేని గదిలో కూడా అందముంటుందని, బహుశా లేనప్పుడే ఎక్కువని అన్నాడు. ఇవి వినడానికి చప్పగా ఉంటాయి. బడిలో పాఠం చెప్పినవాణ్ణి గనక, చప్పటి మాటల్లో పనితనం ఎక్కడ దాగుంటుందో నాకు కొంత తెలుసు.

గీతల సంగతి తీసుకోండి. మా ఇల్లు గుంటూరు జిల్లాలో కట్టిన పాత పద్ధతి ఇల్లు. వీధి గుమ్మంలో నిలబడితే మూడు గుమ్మాలు వరసగా కనపడతాయి, ఆ చివర పెరట్లో బావి పళ్లెం. పిల్లలకు దూరదృష్టి పాఠం చెప్పడానికి ఇంతకన్నా మంచి నమూనా దొరకదు. దగ్గరి గుమ్మం పెద్దది, తర్వాతది చిన్నది, ఆ పైది ఇంకా చిన్నది. గీతలన్నీ పోయి ఒక చుక్కలో కలుస్తాయి. డేవిడ్ సంగ్రహాలయంలో 1905 నాటి ‘తెల్ల తలుపులు’ చూసినప్పుడు మా ఇంటి గుమ్మాలే గుర్తొచ్చాయి. తెరిచిన తలుపు వెనక తెరిచిన తలుపు. మనిషి లేడు, కుర్చీ కూడా లేదు. కానీ ఆయన గీతలను చుక్క వైపు పరుగెత్తనివ్వలేదు. గోడకు సూటిగా ఎదురుగా నిలబడి, అడ్డగీతలను అడ్డంగా, నిలువు గీతలను నిలువుగా ఉంచి, దూరాన్ని నెమ్మది చేశాడు. చూసే కన్ను ఒక్కో గుమ్మం దగ్గరా ఆగి ముందుకు పోవాలి.

ఇక తెలుపు. మా బడి పిల్లలకు తెల్ల గోడ వెయ్యమంటే కాగితాన్ని అలాగే వదిలేసేవారు, తెల్లగానే ఉంది కదండీ అని. ఆ పిల్లలందరినీ ఆ బొమ్మ ముందు నిలబెట్టాలనిపించింది. తెల్ల తలుపుల బొమ్మలో తెలుపన్నది దాదాపు లేదు. ఒక తలుపు చలిమబ్బు రంగు, ఒకటి పాలమీగడ, నీడ పడిన అంచు ఇంచుమించు ఆకుపచ్చ, కింద నేల గోధుమ రంగు కొట్టిన చోట మరో ఛాయ. ఇన్ని కలిసి మనకు తెలుపనిపిస్తాయి. తక్కువ రంగులంటే తేలిక పనని కాదు. పక్కపక్కన ఉన్న రెండు బూడిదరంగులకు తేడా తెలియాలంటే ఆ గోడను ఎన్ని రోజులు చూసి ఉండాలి!

ఆ ఇంటి ముందుకు ఒక మధ్యాహ్నం నడిచి వెళ్లాం. ఇల్లు ఇప్పటికీ ఉంది, బయటి నుంచి చూడటమే. స్ట్రాండ్‌గేడ్ అంటే తీరపు వీధి. ఎదురుగా ఆసియాటిక్ కంపెనీవారి పాత కట్టడాలున్నాయి. 18వ శతాబ్దంలో ఈ కంపెనీ ఓడలే మన కోరమాండల్ తీరంలోని తరంగంబాడికి వచ్చి పోతుండేవి. డేనిష్‌వాళ్లు 1620 నుంచి 1845 దాకా అక్కడ కోట కట్టుకుని కూర్చున్నారు. హామర్స్‌హోయ్ తన ఇంటికి ఎదురున్న ఆ కట్టడాలనూ 1902లో వేశాడు. వీధిలో ఒక్క మనిషి లేడు, గేటు వెనక ఓడ స్తంభాలు మంచులో మసకగా కనపడతాయి. చివరి మూడేళ్లు కాపురమున్నది కూడా ఆ కంపెనీ కట్టడంలోనే, స్ట్రాండ్‌గేడ్ 25లో. ఆ గిడ్డంగుల్లో మన వైపు నుంచి వెళ్లిన నూలు బట్టల వాసన ఒకప్పుడు నిండి ఉండేది గదా అని నేను అనుకుంటుంటే, మా ఆవిడ పైకప్పులు చూస్తోంది.

ఇప్పుడు ఈ బొమ్మలను క్యాలెండర్ల మీద, కాఫీ కప్పుల మీద, గుడ్డ సంచుల మీద అచ్చువేసి అమ్ముతున్నారు. కింద ‘ప్రశాంతత’ లాంటి మాట ఏదో ఒకటి ఉంటుంది. ఆ మాటతో నాకు పేచీ ఉంది. ప్రశాంతమైన గదులు కావాలంటే ఈడా అన్నగారు పీటర్ ఇల్‌స్టెడ్ వేశాడు. ఆయనా చిత్రకారుడే, బావమరుదులిద్దరూ ఒకే రకం గదులు వేశారు. ఇల్‌స్టెడ్ గదుల్లో ఎండ పచ్చగా ఉంటుంది, చిన్నపిల్లలు గుమ్మంలో తచ్చాడుతుంటారు, చూస్తే ప్రాణం హాయిగా ఉంటుంది. చూడముచ్చటైన బొమ్మలే. కాసేపటికి మర్చిపోతాం. హామర్స్‌హోయ్ గది అలా హాయిగా ఉండనివ్వదు. 1907లో వేసిన ఈడా బొమ్మ ఒకటి ఆర్హూస్ సంగ్రహాలయంలో ఉంది, నేను పుస్తకంలో చూశాను. అందులో ఆవిడ మనవైపు తిరిగే కూర్చుంది. ముందు కప్పు, చేతిలో చెంచా. ముఖం పాలిపోయి ఆకుపచ్చ ఛాయ దేలింది, చూపు ఎక్కడో ఉంది, మధ్యవయసు అలసట ఏదీ దాచలేదు. స్నేహితులను రాత్రిపూట బల్ల చుట్టూ కూర్చోబెట్టి వేసిన పెద్ద బొమ్మ ‘అయిదు రూపాలు’ స్టాక్‌హోమ్‌లో ఉంది. అయిదుగురు ఒక్కచోటే ఉండి ఎవరికి వారే ఉన్నారు. ఆ నల్లదనం చూసి ప్రశాంతత అనే మాట వాడినవాణ్ణి నేనింకా చూడలేదు.

మౌనం వేరు, శాంతి వేరు. మాట వినపడని ఇంట్లో ఉన్నవాడికి ఈ తేడా ఎవరూ చెప్పక్కర్లేదు. మా ఇంట్లో సద్దుమణిగిన రోజులన్నీ శాంతిగా గడిచినవి కావు. చెప్పాలనుకున్న మాట, స్విచ్చి దాకా నడిచి, ఆవిడ తిరిగే దాకా ఆగి, పెదవులు విప్పి చెప్పేటంత విలువైనదేనా అని బేరం వేసుకుని మానేసిన సందర్భాలు ఎన్నో. వాన వచ్చేట్టుంది, ఫలానా వాళ్లబ్బాయి కనపడ్డాడు, ఈ పచ్చడి బావుంది లాంటి చిన్న మాటలే ముందు ఎగిరిపోతాయి. కాపురంలో సగం వాటితోనే నిండి ఉంటుందని అవి పోయాకే తెలుస్తుంది. ఆవిడ వైపు నుంచి చూస్తే లెక్క ఇంకో రకంగా ఉంటుంది. ఆవిడ మాట్లాడగలదు, నేను వినగలను. అయినా జవాబు చూడాలంటే చేస్తున్న పని ఆపి తిరగాలి. అందుకని ఆవిడా తగ్గించింది. ఇద్దరం ఒకరి శ్రమ ఒకరం తగ్గిస్తూ వచ్చి, చివరికి నిశ్శబ్దం మిగుల్చుకున్నాం.

జర్మన్ కవి రిల్కే 1904లో హామర్స్‌హోయ్‌ను చూడటానికి ఆయన ఊరు వెళ్లాడు. బొమ్మలు ఆయన్ను అంతగా కదిలించాయి, ఆ చిత్రకారుడి గురించి ఒక వ్యాసం రాయాలనుకున్నాడు. తీరా వెళ్తే ఇద్దరికీ కలిసే భాష లేదు. ఈయనకు డేనిష్ తప్ప పెద్దగా రాదు, ఆయనకు ఇది సరిగా రాదు. తొందరపడి రాయదగ్గ మనిషి కాదని రిల్కే అనుకున్నాడు. ఆ వ్యాసం ఎప్పటికీ రాయలేదు. మాటల మనిషి మాటలు మానుకున్న ఆ గది ఎలా ఉండి ఉంటుందో నేను ఊహించుకోగలను.

మళ్లీ ఆ వీపు దగ్గరికి వస్తాను. 1904 ప్రాంతంలో వేసిన ఒక బొమ్మ రాండర్స్ అనే ఊరి సంగ్రహాలయంలో ఉంది. ఈడా చంకలో పళ్లెం పెట్టుకుని నిలబడి ఉంటుంది, పక్కన పెద్ద పింగాణీ గిన్నె. 1905 నాటి ‘విశ్రాంతి’ పారిస్‌లోని ఓర్సే సంగ్రహాలయంలో ఉంది. అందులో కుర్చీలో వెనక్కి వాలి కూర్చుంది. ఈ రెండింటి పెద్ద అచ్చులు బల్ల మీద పరిచి, బడిలో పిల్లల బొమ్మలు దిద్దినట్టు, వెలుతురు ఎక్కడెక్కడ పడిందో వెతికాను. మనిషిలో అన్నిటికన్నా ఎక్కువ వెలుతురున్నది మెడ వెనక. అక్కడ సన్నని వెంట్రుకలు ముడిలో ఇమడకుండా విడిపోయి ఉంటాయి. గోడకూ బల్లకూ వాడిన నిబ్బరమైన కుంచె అక్కడికి వచ్చేసరికి నెమ్మదించింది. వస్తువుగా చూసేవాడు అంత దగ్గరికి వెళ్లడు. మెడ వెనక భాగాన్ని మనిషి తాను ఎప్పుడూ చూసుకోలేడు. కాపురం చేసేవాళ్లే దాన్ని చూస్తారు. ఆయన ఆవిణ్ణి పిలవలేదనుకుంటాను. పిలిస్తే తిరిగేది. తిరిగితే ముఖం వచ్చేది, ముఖంతో పాటు జవాబు చెప్పాల్సిన పని వచ్చేది. ఆవిడను ఆ పని లేకుండా ఉండనిచ్చాడు.

ఈ మాట నేను మా ఆవిడకు చెప్పాను, కాగితం మీద కాదు, ఎదురుగా కూర్చుని. మొత్తం విని, అంటే చూసి, “అదంతా సరే, ఎన్ని గంటలు నిలబెట్టాడో అడిగారా? మడమలు లాగుతాయి” అంది. ఆ లాగుడు నేను లెక్కలో వేసుకోలేదు గానీ అదీ ఆ బొమ్మల్లో ఉంది. ఆయన చాలా నిదానంగా వేసేవాడు. కాలి మీద బరువు మార్చుకుంటున్నట్టు ఆ నల్ల గౌను ఒక పక్కకు కాస్త ఒరిగే ఉంటుంది కొన్ని బొమ్మల్లో. ఈ విషయంలో నాకూ మా ఆవిడకూ ఇప్పటికీ పూర్తిగా రాజీ కుదరలేదు. నేను వేసేవాడి పక్షం, ఆవిడ నిలబడేదాని పక్షం.

ఆయనకు పేరు రావడానికీ, పోవడానికీ, మళ్లీ రావడానికీ ఆ గదులే కారణం. కుర్రతనంలో, 1885లో, చెల్లెలు అన్నా బొమ్మ వేసి బహుమతికి పంపితే అకాడమీవాళ్లు తోసిపుచ్చారు. తోటి చిత్రకారులు గొడవ చేశారు. మరో మూడేళ్లకు ఇంకో బొమ్మను ప్రదర్శనలో పెట్టనివ్వలేదు. అలా తిరస్కారం పొందినవాళ్లంతా కలిసి 1891లో సొంత ప్రదర్శన మొదలుపెట్టారు. ఆల్‌ఫ్రెడ్ బ్రామ్సెన్ అనే పళ్ల డాక్టరు ఆయన బొమ్మలు కొని, దాచి, ఆయన పోయాక జీవిత చరిత్ర, బొమ్మల జాబితా తయారుచేశాడు. తల్లి ఫ్రెడెరికే కొడుకు గురించి పత్రికల్లో వచ్చిన ముక్కలన్నీ కత్తిరించి అంటించుకునేది. తర్వాత లోకం రంగుల వైపు, వేగం వైపు పోయింది, బూడిదరంగు గదులను డెన్మార్క్ బయట చాలాకాలం ఎవరూ తలవలేదు. ఇరవయ్యో శతాబ్దం చివర పారిస్, న్యూయార్క్ ప్రదర్శనలతోనూ, 2008లో లండన్, టోక్యో ప్రదర్శనలతోనూ మళ్లీ వెలుగులోకొచ్చాడు. ఇప్పుడు ఒక్కో గది లక్షల డాలర్లకు పోతోంది. పిల్లలు లేరు. ఈడా ఆయన తర్వాత ముప్పై ఏళ్లకు పైగా బతికింది, ఆ బొమ్మలు ఎవరి గోడలకో చేరుతుండగా.

ఇంటికి వచ్చాక రెండు నెలలు నేను కాగితం ముట్టుకోలేదు. బడి మానినప్పటి నుంచీ అలవాటు పోయింది. సంక్రాంతి వెళ్లాక ఒక పొద్దున డబ్బాలోంచి పెన్సిళ్లు తీసి చెక్కుకున్నాను. అట్ట మీద కాగితం బిగించుకుని, నడిమి గదిలో స్టూలు వేసుకుని, వంటింటి గుమ్మానికి ఎదురుగా కూర్చున్నాను. మా ఆవిడ పొయ్యి దగ్గర అటు తిరిగి నిలబడి ఉంది. స్విచ్చి చేతికందే దూరంలోనే ఉంది. వెయ్యలేదు. ముందు గుమ్మాల చట్రాలు వేశాను, అవి చెయ్యి తిరిగిన పని. తర్వాత ముడి, రవిక మెడ, బొడ్లో దోపిన కొంగు. ఎడం భుజం కుడిదానికన్నా కాస్త కిందికి ఉందని నలభై మూడేళ్ల కాపురంలో ఆ పూటే చూశాను. మాది తూర్పు వాకిలి. పొద్దుటి ఎండ మూడు గుమ్మాలూ దాటి నా వెనక నుంచి వంటింట్లోకి పోతోంది.

పావుగంట గడిచి ఉంటుంది. ఆవిడ తిరగలేదు. గరిటె కూడా ఆపలేదు. ఎదుటి గోడ మీద, పోపు డబ్బా పైన, వంగిన నా తలకాయ నీడా, కదులుతున్న చెయ్యి నీడా పడి ఉన్నాయి.

“తొందరగా కానివ్వండి. పప్పు దించాలి” అంది.